చీర ఉయ్యాల కుట్టు
అబ్దుల్లాపూర్‌మెట్ చుట్టుపక్కల మేము గృహదర్శనాలకు వెళ్లినప్పుడు దూలానికి వేలాడే చీర ఉయ్యాలలు చూస్తుంటాము. నిండు చీరైతే అతుకు చింత లేదు. రెండు పాత ముక్కలు కలిపి కుట్టినదైతేనే మాకు భయం. మా ఇంట్లోనే ఒకసారి అటువంటిది ఊడింది. దేవుని కృపవలన అప్పుడు బిడ్డ అందులో లేదు. చూస్తే దారం తెగలేదు, కుట్టు వెంబడి బట్టే చిరిగింది! పల్చని బట్టమీద మరీ దగ్గరగా కుడితే సూది రంధ్రాలు తపాలా బిళ్లల అంచులా వరుస కడతాయి. లావు సూది వద్దు, 11 నంబరుది పెట్టండి. పాలిస్టర్ దారంతో అంగుళానికి 8 నుండి 10 కుట్లు చాలును. రెండు అంచులు ఒకదానిలో ఒకటి మడిచి, పైన రెండు వరుసలు వేయండి; జీన్స్ ప్యాంటు కాలి లోపలి పక్కన సాధారణంగా ఉండేది అదే. అతుకు బట్ట పొడవునా రావాలి, అడ్డంగా వస్తే బరువంతా దానిమీదే పడుతుంది. బిడ్డను పడుకోబెట్టకముందు 20 కిలోల బియ్యం మూట వేసి ఊపి చూడండి.