డబ్బులా, పైసలా?

సూర్యాపేటలో, మిర్యాలగూడలో బేరమంతా పైసల్లోనే. కోదాడ దాటి జగ్గయ్యపేటలో దిగితే అదే నోటు డబ్బులవుతుంది. కోదాడ అంగట్లో రెండు మాటలూ చెల్లుతాయి. ‘పైసలు’ ఉర్దూ నుంచి వచ్చింది, ‘డబ్బులు’ అచ్చ తెలుగు అని కొందరంటారు. అమ్మా నాయినా నోట విన్న మాటను పరాయిదంటే ఎట్లా అని మరికొందరంటారు.

మొదటివారి మాటలో పస ఉంది. పైసా ఉత్తరాదిదే. సంస్కృత ‘పదాంశం’, అంటే పావు వంతు, దాని మూలమని చాలామంది చెబుతారు. పైగా పైసా ఇప్పటికీ రూపాయిలో నూరో వంతు. సొమ్మంతటికీ అదే పేరైతే లెక్క రాసేచోట తికమక తప్పదు. డబ్బుకు ఆ చిక్కు లేదు, ఆ నాణెం ఎప్పుడో పోయింది.

అవును, డబ్బు కూడా ఒకనాటి రాగి నాణెమే. దాని విలువ ఇరవై కాసులని, సొమ్మంతటికీ అదే పేరుగా నిలిచిందని 1886 నాటి ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు రాసింది. మద్రాసుకు ఈస్టిండియా కంపెనీ పంపిన 1808 నాటి ఇరవై కాసుల నాణేలు కొన్ని ‘అడ్మిరల్ గార్డ్‌నర్’ ఓడతో పాటు 1809లో ఇంగ్లండు తీరంలోనే మునిగిపోయాయి.

అయితే డబ్బు అచ్చ తెలుగేనా? మరాఠీలో ‘ఢబ్బు’ అంటే లావైనది. బుట్టమిరపను ‘ఢబూ మిర్చి’ అంటారు, మందపాటి నాణేన్ని ‘ఢబ్బు పైసా’ అన్నారు. నాణెం రూపానికి ఆ అర్థం చక్కగా అతుకుతుంది. తెలుగు డబ్బు అటు వెళ్లిందో, మరాఠీ ఢబ్బు ఇటు వచ్చిందో గాని, రెండూ చుట్టాలలాగే ఉన్నాయి. నిజాం పాత రాగి నాణేలను కూడా సేకర్తలు ‘డబ్’ అనే పిలుస్తారు. అంటే డబ్బు ఒక్క కోస్తా సొత్తు కాదు.

ఇంకా వెనక్కి పోతే, సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి గుడులు లేచిన కాకతీయుల కాలంలో చెల్లినవి మాడలు, గద్యాణాలు, రూకలు. వాటిలోనూ రూకకు సంస్కృత ‘రూపకం’తో చుట్టరికం చెబుతారు. తర్వాతి కాలంలో నిజాం ఇలాకాలో హాలీ సిక్కా, ఆవల కల్దారు, అంటే బ్రిటిషు ఇండియా రూపాయి, నడిచాయి. సుమారు ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. హాలీ అంటే ‘ఇప్పుడు నడుస్తున్నది’ అని అర్థం. ఆ నడుస్తున్న రూపాయే 1959లో ఆగిపోయింది. పైసా మాత్రం జనం నోట నిలిచింది.

కాబట్టి లెక్కల పుస్తకంలో డబ్బు అని రాయడమే తేట. కథలో, ఉత్తరంలో, తరగతి గదిలో పిల్లవాడు ‘పైసలు’ అంటే మాత్రం ఎర్రసిరాతో దిద్దకండి. అది తప్పు కాదు, వాడి ఊరి తెలుగు.