పాత స్పోర్ట్స్ కారు: పట్టా కిందా, రోడ్డు మీదా?

దసరా సెలవుల్లో ఏం చేశావని అడిగినవాళ్ళందరికీ "ఊరికి పోయొచ్చా" అని చెప్పి ఊరుకున్నాను. అది నిజమే. ఎట్లా పోయానో మాత్రం చెప్పలేదు. బొమ్మనహళ్ళి నుంచి గుత్తి దగ్గర మా పెద్దమ్మ పుట్టింటి దాకా, పోనూ రానూ దాదాపు 600 కిలోమీటర్లు, 23 ఏళ్ళ పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లో పోయొచ్చాం. ఒక సీట్లో పెద్దమ్మ, ఇంకో సీట్లో నేను. తోలింది నేనే.

ఈ సంగతి తెలిసిన మన క్లాసు అమ్మాయి ఒకతి, "అంత పాత బండిని తుక్కుకి వెయ్యకుండా హైవే ఎక్కించడం ఏంటే, తప్పు కదా" అంది. నవ్వుతూనే అంది. అయినా ఆ మాట నన్ను వదల్లేదు. ఆమెకి అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను, ఇప్పుడు గోడ మీద చెబుతున్నాను.

ముందు బండి సంగతి. దాని పేరు శాన్ స్టార్మ్. మన బెంగళూరు కంపెనీదే, 1998లో మార్కెట్లోకి వచ్చింది. ఒళ్ళంతా ఫైబర్ గ్లాసు, పైన మడిచే గుడ్డ టాపు, ముందు 1149 సీసీ రెనో ఇంజను. శక్తి 60 హార్స్ పవర్, అంతే. స్పోర్ట్స్ కారు అనే మాట విని మీరేదో ఊహించుకుంటారు గానీ, ఈ రోజు మన వీధిలో తిరిగే మామూలు చిన్న కార్లు దీన్ని దాటేసి పోతాయి. అంతకు ముందు 1980ల్లో ఇదే ఊళ్ళో సిపానీ వాళ్ళు డాల్ఫిన్ అనే ఫైబర్ బండి చేశారు. తేలిక కాబట్టి దానికి ర్యాలీల్లో మంచి పేరు. అంటే ఐటీ కంపెనీలే కాదు, ఇట్లాంటి వింత ప్రయత్నాలు కూడా ఈ ఊరికి ఉన్నాయి. మన వాళ్ళెవరికీ గుర్తు లేవు, అంతే.

మా పెదనాన్న బొమ్మసంద్ర ఇండస్ట్రియల్ ఏరియాలో టూల్ రూములో పని చేసి రిటైరయ్యాడు. 2002లో ఈ బండి కొన్నాడు. "ఇద్దరు పిల్లలున్న ఇంట్లోకి రెండు సీట్ల బండి తెచ్చిన మనిషి" అని మా పెద్దమ్మ అప్పటినుంచీ అంటూనే ఉంది. ఆమె అందులో కూర్చున్నది వేళ్ళ మీద లెక్క పెట్టొచ్చు. నలుగురూ కలిసి పోవాలంటే బస్సే. కారేమో పట్టా కప్పుకుని ఇంటి పక్కన నిలబడి ఉండేది. ఆదివారం ఆదివారం పెదనాన్న పట్టా తీసి, స్టార్ట్ చేసి, బేగూరు రోడ్డు దాకా తిప్పి, మళ్ళీ కప్పేవాడు. ఇప్పుడు ఆయనకి గ్లకోమా. పక్క చూపు తగ్గింది, డాక్టరు డ్రైవింగ్ వద్దన్నాడు. అమ్మేద్దాం అన్నాడు. సరేనంది పెద్దమ్మ. కానీ ఒక్క మాట అంది: "అమ్మేముందు ఒక్కతూరి దీంట్లో మా ఊరికి పోవాల."

ఇంట్లో గొడవ అక్కడ మొదలయింది.

"ఇద్దరు ఆడోళ్ళు, పాత బండి, హైవే. మధ్యలో నిలబడిపోతే?" అన్నాడు పెదనాన్న. ఆయన్ని తప్పు పట్టను. ఆ బండిలో ఎయిర్ బ్యాగులు లేవు. సీట్లు ఎంత కిందికి ఉంటాయంటే లారీ చక్రాల నట్లు మన కంటికి ఎదురుగా ఉంటాయి. భయపడాల్సిన బండే అది. కానీ అదే భయం మా అన్నకి ఎందుకు వర్తించదో నాకు అర్థం కాలేదు. వాడికి టైరు మార్చడం రాదు. వాడు పోతానంటే మాత్రం "జాగ్రత్తరా" అని తాళాలు ఇచ్చేవాళ్ళు. నేను పోతానంటే "మధ్యలో నిలబడిపోతే?" అన్న ప్రశ్న. నేను అన్నాను, "నిలబడిపోతే ఏం చెయ్యాలో నాకు నేర్పు పెదనాన్నా. రాకపోతే పోను."

అట్లా ఐదు ఆదివారాలు గడిచాయి. నా లెక్కలో అసలు ప్రయాణం ఆ ఐదు ఆదివారాలే.

టైర్లు చూడ్డానికి కొత్తవాటిలా ఉన్నాయి, గాట్లు అరగలేదు. పెదనాన్న టైరు పక్క అంచు మీద నాలుగంకెలు చూపించాడు: 1413. అంటే 2013వ సంవత్సరం, 14వ వారంలో తయారయింది. తిరక్కపోయినా రబ్బరు గట్టిపడుతుంది, హైవే వేడికి పగలొచ్చు. నాలుగూ మార్చాం. మీ స్కూటీ టైరు మీద కూడా ఆ అంకెలు ఉంటాయి, ఇవాళే పోయి చూసుకోండి. టైమింగ్ బెల్టూ అంతే, కిలోమీటర్లు తిరిగినా తిరక్కపోయినా ఏళ్ళు నిండితే మార్చాలి. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని పీలుస్తుంది, అది కూడా మార్చాం. ఇంకొకటి, ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్. పాత రబ్బరు పైపులకి అది పడదు. అందుకని పెట్రోలు పైపులు తీసి కొత్తవి వేయించాం.

వేయించిన చోట మెకానిక్ నేను అడిగిన ప్రతి ప్రశ్నకీ పెదనాన్న మొహం చూసి జవాబు చెప్పేవాడు. నాలుగోసారి పెదనాన్నే విసుక్కుని, "బండి పాప తోలేది, పాపకి చెప్పయ్యా" అన్నాడు. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సంతోషానికి.

చక్రం నట్లు విప్పడం నేర్చుకున్నాను. చేతి బలం చాలకపోతే స్పానర్ చివర కాలు పెట్టి ఒంటి బరువంతా వెయ్యాలి, అంతే. దీనికి మగతనం అవసరం లేదు, నలభై ఎనిమిది కిలోలు చాలు.

తెలుగు డిపార్ట్‌మెంట్ పత్రికలో ఈ నట్లూ బోల్టులూ ఏంటని మేడమ్‌లు అనుకోవచ్చు. ఏనుగుల వీరాస్వామి 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి పదిహేను నెలలు తిరిగి వచ్చాడని మనం పరీక్షల్లో రాశాం కదా. ఆయన రాసిన దాంట్లో దేవుళ్ళెంత మంది ఉన్నారో, ఏ ఊళ్ళో నీళ్ళు దొరుకుతాయి, ఏ దారిలో ఇసుక ఎక్కువ, సామాన్లు ఎక్కడ అమ్ముతారు అన్న సంగతులూ అంతే ఉన్నాయి. ఆయన్ని పల్లకిలో బోయీలు మోశారు. మోసే వాళ్ళకి దారి కష్టం తెలుసు, కూర్చున్నాయన దాన్ని రాసి పెట్టాడు. పాత బండి తోలితే ఆ రెండు పనులూ మన మీదే పడతాయి. పెద్దమ్మ కూడా ఒక నోటు పుస్తకం పెట్టుకుంది: పెట్రోలు ఎక్కడ పోశాం, నీళ్ళు ఎంత తగ్గాయి, టోలు ఎంత. ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి.

తెల్లారి నాలుగున్నరకి బయలుదేరాం. సిల్క్ బోర్డు అంత ఖాళీగా ఉండడం నేను మొదటిసారి చూశాను. దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి దాటాక మన రాష్ట్రం. బాగేపల్లిలో టీ కొట్టాయన కూడా తెలుగే మాట్లాడాడు కాబట్టి సరిహద్దు ఎక్కడో మాకు తెలియలేదు. 70, 80కి మించి పోలేదు. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ వస్తుంది. 2019 నుంచి అక్కడ కార్లు తయారవుతున్నాయి. కొత్త బండ్లు వరసగా ఎక్కించుకున్న పెద్ద లారీ పక్కనే మా ముసలి బండి పోతుంటే, "అవన్నీ మనల్ని చూసి నవ్వుతాండాయి" అంది పెద్దమ్మ.

అది దాటాక టాపు తీశాం. సినిమాల్లో లాగా ఉంటుందనుకున్నాం. పది నిమిషాల్లో పెద్దమ్మ కొప్పులో కనకాంబరాలు పోయాయి, ఇద్దరి నోట్లో దుమ్ము. మళ్ళీ వేసేశాం. స్పోర్ట్స్ కారు సుఖం గురించి ఎవరైనా గొప్పలు చెబితే అనంతపురం జిల్లా ఎండలో ఒక్కసారి టాపు తీసి చూడమనండి.

ఊళ్ళో పెద్దమ్మ తమ్ముడు బండి చుట్టూ ఒకసారి తిరిగి, "బావ యాడ?" అన్నాడు. పెద్దమ్మ తలుపు తెరుచుకుని దిగి, నన్ను చూపించి, "బావ బొమ్మనహళ్ళిలో ఉండాడు. డ్రైవరు ఇదో" అంది. ఆ ఒక్క మాట అనడానికే ఆమె 23 ఏళ్ళు ఆగిందేమో అనిపించింది. ఆ సాయంత్రం ఊరి పిల్లలంతా రెండో సీట్లో ఒక్కొక్కరుగా కూర్చున్నారు. పెద్దమ్మ వరస పెట్టి ఎక్కించింది, ఆడపిల్లల్ని ముందు.

తిరుగు ప్రయాణంలో తప్పు జరిగింది. తప్పు నాదే. ఇంజనుకి నీళ్ళు తీసుకుపోయే పెద్ద పైపులు రెండూ మార్చాం గానీ, వెనకాల కనపడకుండా ఒక సన్న పైపు ఉంది. చెయ్యి దూరదని, "బాగానే ఉందిలే" అని నేనే వదిలేశాను. పాలసముద్రం దాటాక వేడి ముల్లు పైకి లేచింది. ఎడమ పక్కకి తీసి ఆపాను. బానెట్ సందులోంచి ఆవిరి. ట్రయాంగిల్ తీసుకుపోయి వెనక పెట్టి, పెద్దమ్మని రోడ్డు పక్క కాలవ అవతల, రోడ్డుకి దూరంగా నిలబెట్టాను. ఇది పెదనాన్న చెప్పిన మొదటి పాఠం: ఆగిపోయిన బండిలో కూర్చోవద్దు. వేడి మీద రేడియేటర్ మూత తియ్యవద్దు అన్నది రెండోది. ముప్పావు గంట ఊరికే నిలబడ్డాం.

ఈలోగా బైకు మీద ఒకాయన ఆగి, "డ్రైవర్ ఎక్కడికి పోయినాడమ్మా?" అన్నాడు. మంచి మనిషే, తన దగ్గరున్న నీళ్ళ సీసా ఇచ్చి పోయాడు. పైపు చల్లారాక చీలిన చోట టేపు బిగించి చుట్టి, నీళ్ళు పోసి, మెల్లగా మధ్యమధ్య ఆగుతూ బాగేపల్లి చేరాం. అక్కడ ఒక షాపులో అదే లావు పైపు ముక్క, రెండు క్లిప్పులు దొరికాయి.

దీన్ని సాహసం అని రాయడం నాకిష్టం లేదు. అప్పుడు మధ్యాహ్నం మూడు. అదే రాత్రి తొమ్మిదయితే ఈ వ్యాసం ఇట్లా ఉండేది కాదు, పెదనాన్నే రైటని రాసేదాన్నేమో. అందుకే పాత బండిలో చీకటి పడ్డాక పోవద్దు అన్నది నా అభిప్రాయంలో ఒక భాగం.

కానీ ఇంకో భాగం కూడా ఉంది. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆమె, మొగుడికి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌లోని పుట్టింటికి మూడు చక్రాల మోటారు బండిలో పోయింది. వంద కిలోమీటర్లకి కాస్త ఎక్కువ. ప్రపంచంలో కారు మీద మొట్టమొదటి దూర ప్రయాణం అదే. ఇంధనం మందుల షాపులో కొనింది. పెట్రోలు దారి మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది. బ్రేకులు అరిగితే చెప్పులు కుట్టేవాడితో తోలు వేయించింది. ఆ బండి చేసిన కార్ల్ బెంజ్ వ్యాపారంలో ఆమె కట్నం డబ్బు కూడా ఉంది. ఆమె కూడా పుట్టింటికే పోయింది చూడండి! దూర ప్రయాణానికీ పుట్టింటికీ ఏదో సంబంధం ఉన్నట్టుంది. టోపీ పిన్ను ఎక్కడ పొడవాలో తెలియకపోతే ఆమె దారిలోనే ఆగిపోయేది. ఇంటి మగవాళ్ళు మనకి తాళాలు ఇవ్వడానికి ఇప్పుడిప్పుడే ఒప్పుకుంటున్నారు. స్పానర్ మాత్రం ఇంకా ఇవ్వట్లేదు. అడగాల్సింది స్పానర్.

ఇక తుక్కు మాట. నా స్నేహితురాలు అన్నదాంట్లో సగం ఒప్పుకుంటాను. పాత ఇంజను పొగ ఎక్కువ. దీన్ని రోజూ సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో తోలితే అది తప్పే, దానికి మెట్రో ఉంది. కానీ ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగని బండిని, రోజూ నలభై కిలోమీటర్లు తిరిగే కొత్త బండి పక్కన పెట్టి దోషిగా నిలబెట్టడం నాకు న్యాయం అనిపించదు. చట్టం కూడా పదిహేనేళ్ళు నిండిన బండిని తుక్కుకి వెయ్యమనదు. పరీక్ష చేయించి, ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోమంటుంది. దానికి కారు ఫీజు 2022లో 600 నుంచి 5,000 రూపాయలకి పెరిగింది. ఇరవై ఏళ్ళు దాటిన వాటికి 2025లో 10,000 చేశారు. యాభై ఏళ్ళు నిండితే వింటేజ్ అని వేరే గౌరవం ఉంది. మా బండి ముసలిదే కానీ వింటేజ్ కాదు, అందుకని దాని మీద ఎవరికీ జాలి లేదు.

2027లో మళ్ళీ పొడిగించాలి. కొనడానికి ఒకాయన వచ్చి చూసి పోయాడు. ఫోటోలకి, పెళ్ళి షూటింగులకి పెట్టుకుంటాడట. పెదనాన్న ఏమీ అనలేదు. పెద్దమ్మ మాత్రం అహోబిలం ఎంత దూరమని నన్ను అడిగింది. నోటు పుస్తకంలో ఇంకా చాలా పేజీలు ఖాళీగా ఉన్నాయి.

ఈలోగా, చక్రం మార్చడం, బెల్టు బిగించడం చూడాలనుకునే వాళ్ళు ఏదైనా ఆదివారం పొద్దున రండి. యెల్లో లైన్‌లో బొమ్మనహళ్ళి స్టేషన్‌లో దిగి నాకు ఫోన్ చేస్తే చాలు. పాత చుడీదార్ వేసుకు రండి, గ్రీజు మరక పోదు.