ఎలుగుబంటికి పిస్టల్.. వీసాకు ముప్పు

కాపెల్ (టెక్సాస్): లాంగ్ వీకెండ్ వచ్చిందంటే డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్లు నాలుగు కుటుంబాలు కలిసి అడవిలో క్యాబిన్ తీసుకోవడం మామూలైపోయింది. కాపెల్ నుంచి మూడు, మూడున్నర గంటలు డ్రైవ్ చేస్తే ఓక్లహామాలోని బ్రోకెన్ బో. ఇంకాస్త ఓపిక ఉంటే ఆర్కాన్సా కొండలు. వారం సెలవు దొరికితే టెనెసీలోని స్మోకీ మౌంటెన్స్. ఈ మూడు చోట్లా నల్ల ఎలుగుబంట్లు ఉన్నాయి. అందుకే మనవాళ్లు నలుగురు చేరిన చోట ఈమధ్య ఒకటే చర్చ. నడుముకు పెట్టుకునే మామూలు 9 ఎంఎం పిస్టల్ ఎలుగుబంటిని ఆపుతుందా, లేక పెద్దది కొనాలా అని.

దానికి జవాబు లేకపోలేదు. కానీ అంతకంటే ముందు అడగాల్సిన మాట ఒకటుంది. అసలు ఆ పిస్టల్ ముట్టుకునే హక్కు మనలో ఎంతమందికి ఉంది?

టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లు లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట పెట్టుకోవచ్చు. ఓక్లహామాలో 2019 నవంబరు నుంచే ఇలాంటి చట్టం ఉంది. మనవాళ్ల చెవిన పడింది ‘లైసెన్సు అక్కర్లేదు’ అన్న ముక్క ఒక్కటే. చట్టం ప్రకారం తుపాకీ కలిగి ఉండటానికి అర్హత ఉన్నవాళ్లకే ఈ వెసులుబాటు అన్న రెండో ముక్క ఎవరికీ పట్టలేదు. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ, ఎల్-1, ఎఫ్-1, హెచ్-4 లాంటి నాన్ ఇమిగ్రంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటా గానీ కలిగి ఉండటమే నేరం. కొనడం ఒక్కటే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా. దీనికి పడే గరిష్ఠ శిక్షను 2022లో పదేళ్ల నుంచి పదిహేనేళ్లకు పెంచారు. జైలు సంగతి అలా ఉంచితే, తుపాకీ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి అదే కారణమవుతుంది. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకు ఈ నిషేధం లేదు. అలాగని గ్రీన్ కార్డు ఉన్న బావమరిది పేరు మీద మనకోసం కొనిపిస్తే అది వేరే నేరం. సిటిజన్ అయిన స్నేహితుడు ‘కాసేపు నీ కారులో పెట్టు’ అని ఇచ్చినా చిక్కే.

ఇందులో ఒక మినహాయింపు ఉంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు ఉంటే వీసా మీద ఉన్నవాళ్లకూ ఈ నిషేధం వర్తించదు. మనవాళ్లలో కొందరు ఈ దారినే పోతున్నారు. చట్టం ఒప్పుకున్నదే కాబట్టి తప్పు పట్టలేం. అయితే టెక్సాస్ హంటింగ్ లైసెన్సు ఎప్పుడు తీసుకున్నా ఆగస్టు 31తో ముగిసిపోతుంది. రెన్యువల్ మరిచిపోతే మర్నాడు పొద్దున లేచేసరికి అదే ఇంట్లో, అదే బీరువాలో ఉన్న తుపాకీ నేరమైపోతుంది. 2024 నవంబరులో అట్లాంటాలో తెలంగాణ విద్యార్థి ఒకరు వేట తుపాకీని శుభ్రం చేస్తుండగా అది పేలి, పుట్టినరోజు నాడే ప్రాణాలు కోల్పోయాడు. ఆ ఇంటికి ఏ ఎలుగుబంటీ రాలేదు.

తుపాకీ మీద మనవాళ్లకు మోజు ఊరికే పుట్టిందనడం లేదు. 2023 మేలో అలెన్ మాల్ కాల్పుల్లో మన హైదరాబాద్ అమ్మాయి పోయింది. ఆ మాల్ కాపెల్‌కు అరగంట, ముప్పావుగంట దూరం. భయం నిజమే. కాకపోతే మనుషుల భయంతో కొనాలనుకునే దానికి ఎలుగుబంటిని సాకుగా చూపించడం ఎక్కువైంది.

ఇక పిస్టల్ సంగతి. 2016లో అలాస్కాలో ఒక గైడు 9 ఎంఎంతోనే బ్రౌన్ బేర్‌ను పడగొట్టాడు. నల్ల ఎలుగు కంటే అది చాలా పెద్ద జంతువు. కాబట్టి 9 ఎంఎం పనికిరాదని అనలేం. కానీ ఆయన వాడింది లోతుగా దిగే గట్టి తూటాలు. పైగా ఆయన అడవిలోనే బతికిన మనిషి. ఆత్మరక్షణకు దుకాణాల్లో ఎక్కువగా అమ్మే హాలో పాయింట్ తూటా తగలగానే విచ్చుకుని, ఎక్కువ లోతుకు పోకుండా ఆగేలా తయారైంది. మందమైన కొవ్వు, కండ, ఎముక దాటి అది లోపలికి పోతుందన్న నమ్మకం లేదు. ఎలుగుబంటి గంటకు 50 కిలోమీటర్ల దాకా పరిగెత్తుతుంది. అంటే 25 మీటర్లకు రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లలో పిస్టల్ తీసి, గురి చూసి, పక్కన పిల్లలుంటే వాళ్లకు తగలకుండా కాల్చాలి. నెలకోసారైనా రేంజికి పోనివాడి చెయ్యి ఆ పని చేస్తుందా?

అలాస్కాలో 1883 నుంచి 2009 వరకు తుపాకీ దగ్గరున్నవాళ్లకు ఎలుగుబంట్లు ఎదురైన 269 ఘటనలను పరిశోధకులు చూశారు. పిస్టల్ వాడినప్పుడు 84 శాతం సార్లు పని జరిగింది. కానీ తుపాకీ వాడినవాళ్లకూ, దగ్గరుండి వాడనివాళ్లకూ చివరికి గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అదే బృందంలోని వారు బేర్ స్ప్రే మీద 83 ఘటనలు చూస్తే నల్ల ఎలుగులు 90 శాతం సార్లు వెనక్కి తగ్గాయి. స్ప్రే దగ్గరున్న మనుషుల్లో 98 శాతం మందికి గాయమే కాలేదు. ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి పోల్చడం సరి కాదు. స్ప్రే ఘటనల్లో చాలావరకు మీదికొచ్చిన ఎలుగులు కావు, తిండి వెతుక్కుంటూ వచ్చినవి. కానీ క్యాబిన్‌కు వెళ్లిన మనకు ఎదురయ్యేది కూడా అలాంటిదే కదా.

మన ఎలుగు వేరు, ఇక్కడి ఎలుగు వేరు. శ్రీకాకుళం ఉద్దానంలో జీడితోటలకు పోయేవాళ్లను అడిగితే చెబుతారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు దాడికి ఒకరు చనిపోయారు, పలువురు గాయపడ్డారు. దాన్ని మత్తు సూది వేసి పట్టుకుంటే విశాఖ జూకు తీసుకెళ్తుండగా అదీ చచ్చిపోయింది. మన ఎలుగు ఉలిక్కిపడితే మీద పడుతుంది. ఇక్కడి నల్ల ఎలుగు ఎక్కువగా పారిపోతుంది, లేదా చెట్టెక్కుతుంది. అలాస్కా, కెనడాలను పక్కన పెడితే 1900 నుంచి 2009 వరకు అమెరికాలో దాని చేతిలో పోయినవాళ్లు 14 మంది. అలాగని తేలిగ్గా తీసుకోకూడదు. 2025లో ఆర్కాన్సాలోనే కొన్ని వారాల తేడాలో ఇద్దరు బలయ్యారు.

మేము సైట్లలో పనిచేసేవాళ్లం. అక్కడ మొదట నేర్పేదేమిటంటే ప్రమాదాన్ని ముందే తీసెయ్యాలి, హెల్మెట్ ఆఖరి మాట అని. క్యాబిన్‌లో ఆ ప్రమాదం మన తిండే. బిర్యానీ గిన్నె డెక్ మీద వదిలేసి, గ్రిల్ తుడవకుండా, చెత్త సంచి గుమ్మం బయట పెట్టి పడుకుని, తర్వాత పిస్టల్ గురించి మాట్లాడుకుంటాం. గిన్నెలు లోపల పెట్టాలి, గ్రిల్ కడగాలి, చెత్త మూత బిగుసుకునే డబ్బాలో వెయ్యాలి. నల్ల ఎలుగు ఎదురైతే పరిగెత్తొద్దు. చేతులు పైకెత్తి పెద్దగా కనిపిస్తూ, గట్టిగా అరుస్తూ మెల్లగా వెనక్కి జరగాలి. మీద పడితే చచ్చినట్టు పడుకోవద్దు, రాయో కర్రో దొరికిందానితో దాని ముఖం మీద కొట్టాలి.

స్ప్రే డబ్బా నలభై, యాభై డాలర్లలో వస్తుంది. ఏడెనిమిది మీటర్ల దూరం కొడుతుంది. దోమల మందులా ఒంటికి పూసుకునేది కాదు, ఎదురుగాలిలో కొడితే మన కళ్లే పోతాయి. విమానంలో హ్యాండ్ బ్యాగులోనే కాదు, చెకిన్ బ్యాగులో కూడా ఒప్పుకోరు. స్మోకీస్‌కు విమానంలో వెళ్లేవాళ్లు అక్కడికి చేరాకే కొనుక్కోవాలి. కారులో తిరిగొచ్చేవాళ్లు మిగిలిన డబ్బాను డిక్కీలో వదిలేయొద్దు. టెక్సాస్ ఆగస్టు ఎండకు పేలిపోగలదు.