పెనుకొండకు ఒకనాటి రైలు యాత్ర

మన పిల్లలను ఒకదినపు రైలు యాత్రకై పెనుకొండకు గొనిపోవలెనని కొందరు సభ్యులు కోరుచున్నారు. మేము మనసార సమ్మతింతుము. అయితే ఆ దినముననే లేపాక్షియు చూపవలెనన్న మాటకు మాత్రము ఒప్పుకొనజాలము. అది యాత్ర గాదు, పరుగు.

గౌరిబిదనూరులో రైలెక్కిన బిడ్డ హిందూపురము చేరునప్పటికి స్టేషను బోర్డుపై తెలుగక్షరములు చూచును, చదువలేడు. ఇంట తెలుగు, బడిలో కన్నడము. తప్పు బిడ్డది గాదు, మనది.

1565లో తళ్ళికోట యుద్ధానంతరము విజయనగరము పాడుపడగా, తిరుమలరాయలు రాజధానిగా జేసికొన్నది ఈ పెనుకొండనే. గగనమహలును చూపుట సులభమే. కాని కోట ఉత్తర ద్వారము కడ బుక్కరాయల కాలపు కన్నడ శాసనమొకటి యున్నది. తెలుగుసీమలో కన్నడ శాసనము, కన్నడసీమలో తెలుగు ఇండ్లు! ఆ కాలమున రెండు లిపులకు భేదము స్వల్పము. మార్గదర్శి పిల్లలను అచ్చట కూర్చుండబెట్టి, వారెరిగిన కన్నడ అక్షరముల ప్రక్కనే తెలుగక్షరములు వ్రాసి చూపవలెను. ఇందుకు కూలికి వచ్చు గైడు పనికిరాడు. రెండు లిపులును నేర్చిన మన విశ్రాంత ఉపాధ్యాయులలో నొకరు కావలెను. పేదపిల్లల చార్జీలు వర్తకులమగు మేము భరింతుము.

తిరుగు ప్రయాణమున హిందూపురపు బోర్డును ఎందరు చదువుదురో లెక్కవేసి, మరుసటి వారము ఈ పత్రికలోనే ప్రకటింతుము.