గల్ఫ్‌కు పోయేవాళ్లకు ముందు భూతకాలం నేర్పండి

నేను అరబ్బీ మాస్టర్ని. హైదరాబాదులో డిగ్రీ పిల్లలకు పాఠం చెబుతాను. సెలవులకు రాయచోటి వెళ్లినప్పుడు కువైట్ ప్రయాణం పెట్టుకున్న ఆడవాళ్లకు చెబుతాను. రెండు చోట్లా నేర్పేది అరబ్బీయే అంటారు. కానీ ఇక్కడి పుస్తకం అక్కడ పనికిరాదు. 'నాకు కావాలి' అనడానికి పుస్తకంలో ఉన్న మాట 'ఉరీదు'. కువైట్ వంటింట్లో ఆ మాట అంటే యజమానురాలికి అర్థమవుతుంది, నవ్వూ వస్తుంది. ఆమె అనేది 'అబీ'. కైరోలో అయితే 'ఆయిజ్', డమాస్కస్‌లో 'బిద్దీ'. అరబ్బీ మాస్టర్లందరికీ ప్రియమైన ఉదాహరణ ఒకటుంది: 'ఖల్బ్' అంటే గుండె, 'కల్బ్' అంటే కుక్క, కాబట్టి గొంతు లోపలి నుంచి పలకకపోతే కొంప మునుగుతుందని పిల్లల్ని బెదిరిస్తాం. కువైట్‌వాళ్లు గుండెను 'గల్బ్' అంటారు, కుక్కను 'చల్బ్' అంటారు. అక్కడ మన బెదిరింపుకు అర్థమే లేదు.

రాసే భాష ఒకటి, మాట్లాడే భాష మరొకటి అయిన ఈ పరిస్థితి గురించి అమెరికన్ భాషావేత్త చార్ల్స్ ఫెర్గూసన్ 1959లో ఒక వ్యాసం రాశాడు. అందులో అతను తీసుకున్న నాలుగు ఉదాహరణల్లో అరబ్బీ ఒకటి. తెలుగువాళ్లకు ఈ సంగతి ఫెర్గూసన్ చెప్పనక్కర్లేదు. ఆ వ్యాసానికి దశాబ్దాల ముందే మన గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాటం మధ్యలో ఉన్నారు. గ్రాంథికంలో ఉత్తీర్ణుడైన కుర్రాడు సొంత అమ్మతో మాట్లాడే భాషలో ఒక ఉత్తరం రాయలేకపోవడమేమిటన్నది ఆయన బాధ. ఆయన సవర భాష నేర్చుకున్నది కూడా సవరల నోటి నుంచే. అరబ్బీ నేర్పడంలో మనమింకా గిడుగుకు ముందు కాలంలోనే ఉన్నాం.

అలాగని పుస్తక భాషను చెత్తబుట్టలో వేయమని నేననను. గ్రాంథికం ఓడిపోయింది, పుస్తకాల అరబ్బీ ఓడిపోలేదు. దాన్ని ఫుస్‌హా అంటారు. అల్ జజీరా వార్తలు ఆ భాషలోనే చదువుతారు. మొరాకో నుంచి ఒమన్ దాకా పత్రికలు, కోర్టు కాగితాలు, ఉద్యోగ ఒప్పందాలు అందులోనే ఉంటాయి. కువైట్ 2015లో ఇంటి పనివాళ్ల కోసం 68వ నంబరు చట్టం చేసింది. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి, రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు, ఆమె ఒప్పుకోకుండా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదు. ఆ చట్టం ఉన్నది ఫుస్‌హాలో. దాని మీద గొడవపడాల్సింది ఇంట్లో మాట్లాడే అరబ్బీలో. వెళ్లే మనిషికి రెండూ కొంచెం కొంచెం కావాలి. మనం ఒక్కటీ ఇవ్వడం లేదు.

రాయచోటి తరగతికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ముప్పై దాటినవాళ్లు. ఇంటి పని వీసా మీద అంతకంటే చిన్నవాళ్లను పంపకూడదన్నది మన ప్రభుత్వ నిబంధన. బడి మానేసి ఇరవై ఏళ్లయిన చేతులతో పలక మీద 'అలిఫ్' దిద్దుతుంటారు. మొదటి రోజు ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు: "ఏం సార్, ఆడికి పోతే అదే వస్తాది గదా! మా వదినకు రాలేదా?" ఏజెంట్లూ అదే మాట చెబుతారు. వాళ్లు చెప్పేదాంట్లో సగం నిజముంది. వెళ్లిన మూడు నెలలకు ఒక భాష నోటికి వస్తుంది. 'తఆల్' అంటే రా, 'రూహ్' అంటే పో, 'సవ్వి' అంటే చెయ్యి, 'ఫీ' అంటే ఉంది, 'మాఫీ' అంటే లేదు. భాషావేత్తలు దాన్ని గల్ఫ్ పిడ్జిన్ అరబ్బీ అంటారు. మలయాళీ, బెంగాలీ, ఫిలిప్పీన్స్ మనిషి, మనమూ కలిసి వాడే బజారు భాష అది. యజమానులు కూడా పనివాళ్లతో ఆ భాషలోనే మాట్లాడతారు. అందుకే పదిహేనేళ్లు అక్కడున్నవాళ్లకు కూడా అసలు అరబ్బీ చెవిన పడదు.

ఆ బజారు భాషలో పని చెప్పించుకోవచ్చు. జరిగింది చెప్పడం మాత్రం కష్టం. అందులో క్రియలకు కాలాలు లేవు. 'నిన్న' అనో 'ముందు' అనో ఒక మాట తగిలించి నెట్టుకురావాలి. మా వీధిలోనే ఒక అక్క తొమ్మిదేళ్లు కువైట్‌లో చేసింది. చివర్లో జీతం దగ్గర గొడవై పోలీస్ స్టేషన్ దాకా వెళ్లింది. ఏం జరిగిందో చెప్పమని అడిగారట. "నాకు మాఫీ ఫులూస్, మాఫీ ఫులూస్ తప్ప ఇంకేం రాలేదురా" అంది. డబ్బు లేదు అంటే ఎవరి దగ్గర లేదు, ఎన్ని నెలలుగా లేదు, ఇస్తానని ఎవరన్నారు? వాళ్లు రాసుకోడానికి అందులో ఏముంది?

అందుకే నా తరగతిలో మొదటి పాఠం పలకరింపులు కాదు, భూతకాలం. 'ఖదా జవాజీ', నా పాస్‌పోర్టు తీసుకున్నాడు. 'మా అతానీ మఆషీ', నా జీతం ఇవ్వలేదు. పడిపోయాను, కాలింది, కొట్టింది, చెప్పాను, విన్నది. ఉప్పు, పప్పు, చీపురు మాటలు వంటిల్లే నేర్పుతుంది. వీటిని నేర్పేవాళ్లు అక్కడెవరూ ఉండరు.

ఇక్కడ మదర్సాలను మెచ్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. పాతకాలపు వ్యాకరణ పాఠం భూతకాలంతోనే మొదలవుతుంది, ఎందుకంటే అరబ్బీ క్రియకు అదే అన్నిటికంటే సాదా రూపం. 'ఫఅల' అంటూ పద్నాలుగు రూపాలు ఎక్కాల్లా వల్లె వేయిస్తారు. నేనూ అలాగే నేర్చుకున్నాను. వాటిలో ఇద్దరి కోసం ప్రత్యేకంగా ఉన్న ద్వివచనం, ఆడవాళ్ల బహువచనం కువైట్ మాటల్లో వినపడవు. ఎనిమిది రూపాలు చాలు. వరుస మంచిదే, బరువు తగ్గించుకుంటే సరి.

రెండో పాఠం అంకెలు. నోటితో లెక్కపెట్టడం కాదు, చూసి చదవడం. మన సున్నాలా గుండ్రంగా కనిపించేది అక్కడ ఐదు. సున్నా కేవలం ఒక చుక్క. మనం ఏడు అనుకునేది ఆరు. అక్షరాలు కుడి నుంచి ఎడమకు నడిస్తే అంకెలు ఎడమ నుంచి కుడికి నడుస్తాయి. జీతం రాసిన కాగితం మీద, ఇఖామా (నివాస అనుమతి) గడువు తేదీ మీద, మందు సీసా మీద ఉండేవి ఇవే. ఈ పది గుర్తులు నేర్పడానికి ఒక సాయంత్రం చాలు. ఆ తర్వాత ఫుస్‌హాలో ఓ వంద మాటలు కంటితో గుర్తుపట్టేలా చేస్తాను: ఒప్పందం, జీతం, గడువు, సంతకం, సెలవు. సంతకం పెట్టే ముందు ఆ మాటలు ఆ కాగితంలో ఉన్నాయో లేవో వెతుక్కుంటే అంతే చాలు.

విశ్వవిద్యాలయాల్లో కథ ఇంకోలా ఉంది. హైదరాబాదుకు అరబ్బీ కొత్త కాదు. 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ అచ్చువేసిన పాత అరబ్బీ గ్రంథాలను అరబ్బు దేశాల పండితులే వెతుక్కుని చదివారు. బార్కాస్‌లో యెమెన్ నుంచి వచ్చిన సైనికుల వారసులు ఇప్పటికీ ఉన్నారు. విదేశీయులకు అరబ్బీ నేర్పే పుస్తకాల్లో ప్రపంచమంతా వాడే మదీనా పుస్తకాలను రాసిన వి. అబ్దుర్రహీం తమిళనాడులోని వాణియంబాడివాడు. ఇంత ఉన్నా మన ఎం.ఏ. విద్యార్థి ఆసుపత్రిలో దుబాసీ ఉద్యోగానికి వెళ్లి సూడాన్ ముసలాయన ముందు బిక్కమొహం వేస్తాడు. ఇస్లాంకు ముందు కాలపు కవిత్వాన్ని అతను విడమరిచి చెప్పగలడు. పక్కటెముకల కింద నొప్పి ఎప్పటి నుంచి అని అడగలేడు. అమెరికాలో బాగా వాడే 'అల్ కితాబ్' పాఠ్యపుస్తకం ఫుస్‌హాతో పాటు ఈజిప్టు, సిరియా వైపు మాటల్నీ కలిపి నేర్పుతుంది. మన సిలబస్‌లోనూ మొదటి సెమిస్టర్ నుంచే ఒక మాండలికం ఉండాలి. మనవాళ్లు వెళ్లేదీ, మన దగ్గరికి రోగులు వచ్చేదీ దృష్టిలో పెట్టుకుంటే అది గల్ఫ్ మాండలికం కావడం సబబు.

'అరబ్బీ ముస్లింల భాష కదా, మావాళ్లకెందుకు' అని కోనసీమలో ఒక పెద్దమనిషి అడిగాడు. రాజోలు నుంచి కువైట్ వెళ్లే ఆడవాళ్లలో చర్చికి పోయేవాళ్లు ఎందరో ఉన్నారు. బైరూత్‌లో అనువాదమైన అరబ్బీ బైబిల్ 1865 నుంచీ ఉంది. ఆయనకు ఆ మాటే చెప్పాను.

ప్రభుత్వాలకు భాష నేర్పడం చేతకాదనను. జర్మనీ, జపాన్ వెళ్లే నర్సులకు తెలంగాణ విదేశీ ఉపాధి సంస్థ టామ్‌కామ్ నెలల తరబడి భాష నేర్పిస్తోంది. మంచి పని. భాష రానిదే జర్మనీ రానివ్వదు, అందుకే అక్కడ తరగతులు జరుగుతాయి. గల్ఫ్ యజమాని భాష అడగడు, అందుకని మనమూ ఊరుకున్నాం. అమెరికా తన దౌత్యవేత్తకు అరబ్బీ నేర్పడానికి 2,200 తరగతి గంటలు కేటాయిస్తుంది. మన పనిమనిషికి కేంద్రం ఏర్పాటు చేసిన ప్రయాణానికి ముందు శిక్షణ ఒక్క రోజు. ఆ రోజులోనే చట్టం, విమానం, ఆరోగ్యం, సంస్కృతి అన్నీ అయిపోవాలి.

నేను అడిగేది నెల రోజులు. పాఠం చెప్పడానికి అక్కడ పదిహేను, ఇరవై ఏళ్లు చేసి తిరిగొచ్చిన ఆడవాళ్లను పెట్టుకోండి, వాళ్లకు జీతమివ్వండి. పక్కన కాగితం చదవడం నేర్పడానికి అరబ్బీ చదివిన ఒక డిగ్రీ కుర్రాడినో అమ్మాయినో కూర్చోబెట్టండి. చదువు రానివాళ్ల కోసం పాఠాలను గొంతుతో రికార్డు చేసి వాట్సాప్‌లో పంపండి. మొదలుపెట్టడానికి రాయచోటిలో ఒక గది, రాజోలులో ఒక గది, జగిత్యాలలో ఒక గది చాలు. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు వచ్చే బడ్జెట్లోనే ఈ ఖర్చు చూపించాలి.