పసికందునకు రబ్బరుపీక

అడుగనిదే అమ్మయైనను పెట్టదని మన సామెత. పసికందు అడుగుట పెదవుల చప్పరింపుతోను, ఏడ్పుతోను గదా! ఆ నోట రబ్బరుపీక నుంచుట, అడుగనీయకుండుటయే. బిడ్డ చీకినకొలది తల్లికి పాలూరును. దినమునకు 8 మొదలు 12 మారులు కుడువవలసిన శిశువు వట్టి రబ్బరుతో తృప్తిపడినచో, పాలు తగ్గి బిడ్డ చిక్కు ప్రమాదము గలదు.

కావుననే 1989లో ప్రపంచారోగ్యసంస్థయు, యూనిసెఫును చనుబాల బిడ్డలకు పీకలీయవలదనినవి. 2018లో ఆ కట్టడి సడలించి, వాని వాడుకయు హానియు తల్లులకు వివరింపుడనినవి. చనుబాలు కుదురుకొన్న పిమ్మట నిద్రవేళ పీక యిచ్చిన హఠాన్మరణభయము తగ్గునని అమెరికా శిశువైద్యసంఘము చెప్పుచున్నది. దానిని మేము కాదనము. కుదురకమున్నే యిచ్చుటను మాత్రము నిరసించుచున్నాము.

ఏడ్పు మాన్పుట వేఱు, ఆకలి తీర్చుట వేఱు. గృహస్థులారా! పీక కొన అంగడికేగు ముందు, బాలింతరాలికి కడుపునిండ అన్నమును, కంటినిండ నిదురయు సమకూర్పుడు.