పసిపిల్లలతో ఎడారికా? ముందు నెల చూడండి, తర్వాతే వ్యాను

సంపాదకులకు,

వేసవి సెలవుల్లో వ్యాను అద్దెకు తీసుకుని, పిల్లలతో కాలిఫోర్నియా ఎడారులు చుట్టి రమ్మని మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. అయిదేళ్ళ లోపు పిల్లల్ని అసలు ఎడారి ఛాయలకే తీసుకెళ్ళకూడదని దాని మీద ఒక పాఠకుడు రాసిన ఉత్తరమూ చదివాను. ఇద్దరి మాటా నేను ఒప్పుకోలేను. పసిపిల్లలతో ఎడారిలో రెండు రాత్రులు గడపడం ఎంతో మంచి పని. అదే పని జూన్ నుంచి సెప్టెంబరు దాకా చెయ్యకూడదు. వ్యాసంలో వ్యాను గురించి, పడకల గురించి, ఫ్రిజ్ గురించి ఓపిగ్గా రాశారు గానీ ఏ నెలలో ఎండ ఎలా ఉంటుందో ఒక్క ముక్క లేదు.

వ్యాను ఉంది కదా, ఏసీ ఉంది కదా అనే ధీమా చూస్తేనే నాకు భయం. ఎండలో ఆపిన బండి లోపల పది నిమిషాల్లోనే వేడి సుమారు 11 డిగ్రీల సెల్సియస్ మేర పెరుగుతుంది. అద్దాలు కాస్త దించినా పెద్ద తేడా ఉండదు. చిన్నపిల్లల ఒళ్ళు పెద్దవాళ్ళ కంటే మూడు నుంచి అయిదు రెట్లు త్వరగా వేడెక్కుతుంది. ఫోను సిగ్నల్ అందని చోట చక్రం ఇసుకలో దిగబడిందనుకోండి, ఇంజను మొరాయించిందనుకోండి, అప్పటిదాకా నీడనిచ్చిన బండిలోనే కూర్చోలేని పరిస్థితి వస్తుంది.

"రెంటచింతల ఎండలు చూసినవాళ్ళం, ఇదెంత" అని మనవాళ్ళు అంటుంటారు. ఆ ఎండ వేరు, ఈ ఎండ వేరు. విజయవాడలో చెమటకు చొక్కా తడిసి ఒంటికి అంటుకుంటుంది, ఎంత నీరు పోతోందో మనకే తెలుస్తుంది. ఎడారి పొడిగాలిలో చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. నీరు పోతున్న సంగతే తెలియదు. మూడేళ్ళ పిల్ల తనకు ఒంట్లో ఎలా ఉందో చెప్పలేదు. చిరాకు పడుతుంది, తిండి వద్దంటుంది, నిద్రలోకి జారుకుంటుంది. మనం ప్రయాణ బడలిక అనుకుంటాం.

ఇక ఆ పాఠకుడి భయం సంగతి. మేం శాన్ డియాగోలో ఉంటాం. ఇక్కడికి రెండు గంటల దూరంలో ఆన్జా-బొరేగో ఎడారి పార్కు ఉంది. కాలిఫోర్నియా రాష్ట్ర పార్కుల్లో అన్నిటికన్నా పెద్దది అదే. వేసవిలో అక్కడ పగలు 40 డిగ్రీలు దాటడం మామూలే. డిసెంబరు, జనవరి నెలల్లో అదే చోట మధ్యాహ్నం 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. మన ఊళ్ళ సంక్రాంతి పొద్దుటి హాయి అక్కడ పగలంతా దొరుకుతుందన్నమాట. పార్కులో చాలాచోట్ల మట్టిదారి పక్కనే బండి ఆపుకుని ఉచితంగా రాత్రి ఉండనిస్తారు. పిల్లలకు కావలసింది అక్కడ దండిగా ఉంది: చదునైన నేల, గులకరాళ్ళు, కనుచూపు మేర అడ్డులేని ఖాళీ. అయిదేళ్ళ లోపు పిల్లలకు ఇంకేం చూపించక్కర్లేదు. రోజుకు నాలుగు ‘చూడదగ్గ స్థలాలు’ తిప్పుతూ వాళ్ళను కారు సీటుకు కట్టిపడెయ్యడమే అన్యాయం. ఒకచోట బండి ఆపండి, రెండు రాత్రులూ అక్కడే ఉండండి.

ఎడారిలో ముళ్ళ బెడద ఉన్న మాట నిజమే. చోయా అనే జెముడు ముక్క పిల్లల చెప్పుకో పిక్కకో పట్టుకుంటే చేత్తో లాగకూడదు, చేతికీ పట్టుకుంటుంది. వెడల్పు పళ్ళ దువ్వెన ఒకటి జేబులో ఉంచుకుని, పళ్ళను ముక్క కిందికి పోనిచ్చి ఒక్క ఊపున అవతలికి చిమ్మెయ్యాలి. మిగిలిన ముళ్ళు పట్టకారుతో తియ్యాలి. దీనికి భయపడి మానుకోవలసినంత లేదు.

ఆ పార్కులోనే బ్లేర్ వ్యాలీ అనే చోట బండరాళ్ళలో గుండ్రటి గుంటలున్నాయి. మా అత్తగారు ఒక గుంటలో చెయ్యి పెట్టి, నున్నగా అరిగిన అంచు తడిమి, "ఇది రోలే" అన్నారు. నిజంగా రోళ్ళే. అక్కడి కుమియాయ్ జాతివాళ్ళు గింజలు దంచుకున్న చోటు అది. తరతరాలుగా ఆ నేలను ఎరిగిన ఆ జనం చలికాలం ఎడారిలో ఉండి, ఎండలు ముదిరేసరికి కొండల మీదికి వెళ్ళిపోయేవారు. చంటిబిడ్డలతో బతికినవాళ్ళే వేసవిలో ఆగని చోటికి, సరిగ్గా వేసవిలోనే మన పిల్లల్ని తీసుకెళ్ళమని ఎలా రాస్తారు? అక్కడికి దగ్గర్లోనే ఘోస్ట్ మౌంటెన్ మీద మార్షల్ సౌత్ అనే రచయిత 1930ల నుంచి ఏళ్ళ తరబడి కాపురముండి ముగ్గురు పిల్లల్ని పెంచాడు. కొండ మీద నీటిచుక్క లేదు. వాననీళ్ళు తొట్లలో పట్టుకునేవారు, చాలకపోతే కింది నుంచి మోసుకెళ్ళేవారు. ఆ బతుకు మనకు ఆదర్శమని చెప్పను. అక్కడ నీళ్ళు ఎంత ప్రాణమో ఆ ఇంటి శిథిలాలు చూస్తే తెలుస్తుంది.

నీళ్ళ లెక్క మీ వ్యాసంలో లేనే లేదు. మనిషికి రోజుకు కనీసం ఒక గాలన్ అంటే సుమారు 3.8 లీటర్లు ఉండాలని పార్కులవాళ్ళు చెబుతారు. నలుగురు మూడు పగళ్ళు గడపాలంటే 45 లీటర్ల పైమాటే. గిన్నెలు తోమడానికి వేరే. జాషువా ట్రీ అనే మరో ఎడారి పార్కులో చాలా క్యాంపుల్లో కుళాయే ఉండదు. అందుకే మేం పులిహోర, చపాతీలు ఇంట్లోనే చేసుకుని వెళ్తాం.

చలికాలానికీ ఒక ప్రమాదముంది. పొద్దు వాలగానే చలి విరుచుకుపడుతుంది, ఎత్తు ప్రదేశాల్లో రాత్రి సున్నా దాకా దిగుతుంది. పిల్లలు వణుకుతున్నారని మూసిన వ్యానులో గ్యాస్ పొయ్యి వెలిగించి పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది. దానికి వాసన ఉండదు. మందపాటి రగ్గులు, ఉన్ని టోపీలు, ఆ వాయువును పసిగట్టే అలారం ఉంటే చాలు.

సెలవులు వేసవిలోనే కదా అంటారు. బడికి వెళ్ళని పిల్లకు వేసవి సెలవులతో పనేముంది? థాంక్స్‌గివింగ్ వారమో, ఫిబ్రవరిలో వచ్చే మూడు రోజుల సెలవో చాలు. ఇండియా నుంచి అమ్మమ్మలు, తాతయ్యలు ఎక్కువగా వేసవిలోనే వస్తారన్నది నిజమే. వాళ్ళను అప్పుడు సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళండి.

ఆ వ్యాసానికి సవరణ వచ్చే సంచికలోనే వెయ్యండి, వేసవి వ్యానుల బుకింగులు ఇప్పుడే మొదలవుతాయి. ఇకపై ఎడారి గురించి ఎవరు రాసినా ఏ నెలలో వెళ్ళాలి, ఆఖరి కుళాయి ఎక్కడ, ఫోను సిగ్నల్ ఎక్కడ పోతుంది, దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం అన్నవి రాయించి గానీ అచ్చు వెయ్యకండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
శాన్ డియాగో, కాలిఫోర్నియా